సిడ్నీ ఒపేరా హౌస్: ఒక ప్రాజెక్టు కథ

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దవాళ్ళు. ఈ రెండింటి పక్కన "సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు చేసి చూడు" అని కూడా చేరిస్తే బాగుండునని మనలో చాలామందికి ఏదో ఒక రిలీజు ముందు రాత్రి అనిపించే ఉంటుంది. నెల నెలా ఈ శీర్షికలో ఏదో ఒక టెక్నాలజీ గురించి చెప్పుకుంటూ ఉంటాం. ఈసారి కోడ్ పక్కన పెట్టి ఒక కట్టడం గురించి చెప్పుకుందాం. సంగీతం కోసం కట్టిన భవనాల్లో ప్రపంచంలో ఎక్కువమంది చూడగానే గుర్తుపట్టేది ఇదే: సిడ్నీ ఒపేరా హౌస్.

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ శిక్షణకు వెళ్ళినవాళ్ళకి ఈ భవనం బొమ్మ ఉన్న స్లైడు పరిచయమే. మొదటి అంచనా 7 మిలియన్ డాలర్లు, చివరికి అయిన ఖర్చు 102 మిలియన్లు. 1963 జనవరిలో పూర్తి కావాలి, 1973 అక్టోబరులో తెరిచారు. అంటే ఖర్చు పద్నాలుగు రెట్లకు పైగా, ఆలస్యం పదేళ్ళ పైమాట. స్లైడు అక్కడితో ఆగిపోతుంది. "చూశారా, ప్లానింగు లేకపోతే ఇలాగే ఉంటుంది" అని చెప్పి బోధకుడు తరువాతి స్లైడుకి వెళ్ళిపోతాడు. వాస్తుశిల్పి ఊహల్లో తేలిపోయాడనీ, ఎవరికీ కట్టడం చేతకాని బొమ్మ గీసి అందర్నీ ముంచాడనీ వినేవాళ్ళకి అర్థమవుతుంది.

ఈ చరిత్ర చదివిన కొద్దీ నాకు మరో విషయం కనబడింది. ఈ ప్రాజెక్టులో కష్టమైన సమస్యని ఇంజనీర్లు, వాస్తుశిల్పి కలిసి అద్భుతంగా పరిష్కరించారు. తేలిగ్గా కనబడిన సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది. అది స్పెసిఫికేషన్‌లో ఒక్క వాక్యం. దాని ఖరీదు ఇప్పటికీ చెల్లిస్తూనే ఉన్నారు.

ఒక హాలు, ఇద్దరు యజమానులు

కథ 1947లో మొదలవుతుంది. ఆ ఏడాది యూజీన్ గూసెన్స్ అనే బ్రిటిష్ సంగీతజ్ఞుడు సిడ్నీ సింఫనీ ఆర్కెస్ట్రాకి నిర్వాహకుడిగా వచ్చాడు. ఆర్కెస్ట్రా కచేరీలు టౌన్ హాల్లో జరిగేవి. నగరానికి సరైన సంగీత భవనం కావాలని ఆయన ఏళ్ళ తరబడి పోరాడాడు. 1954లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రధాని జోసెఫ్ కేహిల్ ఆయన మాట విన్నాడు. కేహిల్ లేబర్ పార్టీ మనిషి. సముద్రంలోకి చొచ్చుకుని ఉన్న బెనెలాంగ్ పాయింట్ అనే చోటు ఎంపికయింది. అప్పట్లో అక్కడ ట్రాముల డిపో ఉండేది.

అంతర్జాతీయ పోటీ ప్రకటించారు. పోటీ పత్రంలో కోరినవి రెండు హాళ్ళు. పెద్ద హాల్లో మూడు వేల నుంచి మూడున్నర వేల మంది కూర్చోవాలి. అందులో సింఫనీ కచేరీలు, భారీ ఒపేరాలు, బాలేలు, బృందగానాలు, బహిరంగ సభలు అన్నీ జరగాలి. చిన్న హాల్లో సుమారు పన్నెండు వందల మంది పడితే చాలు. నాటకాలు, చిన్న ఒపేరాలు, ఉపన్యాసాలు అక్కడ.

పెద్ద హాలు గురించిన మాట మరోసారి చదవండి. "సింఫనీ, ఒపేరా, రెండూ." వినడానికి సహేతుకంగానే ఉంది. కానీ ధ్వనిశాస్త్రం ప్రకారం ఈ రెండూ ఒక ఒరలో ఇమడని కత్తులు. సింఫనీకి శబ్దం హాల్లో కాసేపు నిలవాలి. వాయిద్యం ఆగాక ఆ నాదం పూర్తిగా తగ్గడానికి రెండు సెకన్ల దాకా పడితే ఆర్కెస్ట్రా నిండుగా వినబడుతుంది. ఒపేరాలో పాటతో పాటు మాట కూడా తెలియాలి. నాదం అంతసేపు నిలిస్తే ఒక మాట మీద మరో మాట పడి కలిసిపోతుంది. కాబట్టి ఒకటిన్నర సెకన్లో, అంతకన్నా తక్కువో చాలు. పైగా ఒపేరాకి రంగస్థలం మీద తెరలు, సెట్టింగులు పైకి లాగడానికి ఎత్తైన గోపురం లాంటి ఖాళీ కావాలి. సింఫనీకి ఆ ఖాళీ శబ్దాన్ని మింగేసే గొయ్యి.

మన భాషలో చెప్పాలంటే, నిమిషానికి వేల లావాదేవీలు నడిచే డేటాబేసు మీదే నెలాఖరు రిపోర్టులన్నీ అంతే వేగంగా రావాలని రాసినట్టు. రాసేవాళ్ళకి అది ఒక లైను. కట్టేవాళ్ళకి అది రెండు వేర్వేరు సిస్టములు.

ఇంకో సంగతి. ఆ అవసరాన్ని మొదట ఊహించిన గూసెన్స్ 1956లోనే ఒక కుంభకోణంలో ఇరుక్కుని ఆస్ట్రేలియా వదిలి వెళ్ళిపోయాడు. గెలిచిన డిజైను ఏదో తేలేసరికి "నాకు అసలు కావలసింది ఇది" అని చెప్పగల మనిషి దేశంలో లేడు.

పైకప్పు తెలియకుండా పునాది

1957 జనవరిలో ఫలితం వచ్చింది. రెండు వందలకు పైగా వచ్చిన ఎంట్రీల్లోంచి డెన్మార్క్‌కి చెందిన యోర్న్ ఉట్జోన్ గీసినవి గెలిచాయి. అప్పటికి ఆయన వయసు 38. తండ్రి ఓడలు డిజైన్ చేసేవాడు. ఉట్జోన్ సిడ్నీ ఎన్నడూ చూడలేదు. నౌకాయాన మ్యాపులు చూసి ఆ స్థలాన్ని అర్థం చేసుకున్నాడు. వెడల్పాటి రాతి అరుగు, దాని మీద తెరచాపల్లాంటి పైకప్పులు, ఇదీ ఆయన ఊహ. గీతలు చాలా సాదాగా, నమూనా బొమ్మల్లా ఉన్నాయని జ్యూరీ తన నివేదికలోనే ఒప్పుకుంది. అయినా ప్రపంచంలోని గొప్ప కట్టడాల్లో ఒకటి అయ్యే వీలు ఇందులో ఉందని ఎన్నుకుంది.

పైకప్పు ఎలా నిలబడుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ ఆకారాలకి గణిత సమీకరణం లేదు, చేత్తో గీసిన వంపులే. లండన్‌లోని ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు ఆ లెక్కల పనిలో ఉండగానే 1959 మార్చిలో నిర్మాణం మొదలైంది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత గుర్తొస్తే తప్పు లేదు.

ఎందుకా తొందర? కేహిల్‌కి తన ప్రభుత్వం మీద నమ్మకం తక్కువ. ప్రతిపక్షానికీ, సొంత పార్టీలో చాలామందికీ ఈ ఖర్చు ఇష్టం లేదు. ఆసుపత్రులు, బడులు, ఇళ్ళు కట్టకుండా పాటల మేడ ఏమిటని విమర్శలు. డబ్బు కోసం ప్రత్యేకంగా లాటరీ పెట్టాడు. పని ఎంత ముందుకు పోతే తరువాత ఎవరొచ్చినా ఆపడం అంత కష్టం అన్నది ఆయన లెక్క. ఆ లెక్క తప్పు కాలేదు. 1959 అక్టోబరులో ఆయన చనిపోయాడు, పని మాత్రం ఆగలేదు.

కానీ మూల్యం ఉంది. సరైన డ్రాయింగులు లేకుండా మొదలుపెట్టడం, మధ్యలో మార్పులు, వానలు, వరద కాలువల మళ్ళింపులో ఇబ్బందులు కలిసి 1961 నాటికే పని 47 వారాలు వెనకబడింది. అరుగు 1963లో పూర్తయింది. ఈ లోపు పైకప్పు డిజైను పలచటి పెంకు నుంచి బరువైన కాంక్రీటు పక్కటెముకలకి మారింది. ముందే కట్టేసిన స్తంభాలు ఆ బరువు మోయలేవని తేలింది. వాటిని తీసేసి మళ్ళీ కట్టారు. ఇంటర్‌ఫేస్ ఖాయం కాకుండా కింది లేయరు రాసేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పనక్కరలేదు. తేడా ఏమిటంటే మనం డిలీట్ కొడతాం, వాళ్ళు కాంక్రీటు పగలగొట్టారు.

బత్తాయి పండు సూత్రం

ఇక కష్టమైన సమస్యకి వద్దాం. ఉట్జోన్, ఆరప్ ఇంజనీర్లు కలిసి పారాబోలాలు, ఎలిప్సాయిడ్లు అంటూ పన్నెండు దాకా ప్రయత్నాలు చేశారు. ప్రతిసారీ ఒకటే చిక్కు. వంపు చోటు చోటుకీ మారుతుంది కాబట్టి ఏ రెండు ముక్కలూ ఒక్కలా ఉండవు. ప్రతి ముక్కకీ వేరే అచ్చు కావాలి. వేల అచ్చులు చేసే డబ్బూ లేదు, సమయమూ లేదు.

1961లో జవాబు దొరికింది. పైకప్పులన్నీ ఒకే గోళం మీంచి కోసిన ముక్కలు అనుకుంటే? ఈ ఆలోచన మొదట ఎవరికి తట్టిందన్న దాని మీద కొంత వాదన ఉన్నా, ఎక్కువమంది ఆ ఘనత ఉట్జోన్‌కే ఇస్తారు. గోళం వ్యాసార్ధం సుమారు 75 మీటర్లు.

దీని అందం అర్థం కావాలంటే బత్తాయి పండు తీసుకోండి. తొక్క మీద ఎక్కడ చూసినా వంపు ఒకటే. తొడిమ నుంచి కిందికి గీతలు గీస్తే అన్ని గీతలూ ఒకే వంపుతో ఉంటాయి. తొడిమ దగ్గర సన్నగా మొదలై పోను పోను వెడల్పయ్యే తొనలు వస్తాయి. ఒపేరా హౌస్ పైకప్పులోని కాంక్రీటు పక్కటెముకలు ఆ తొనలే. కింద ఒక బిందువు దగ్గర కలిసి, విసనకర్రలా పైకి విచ్చుకుంటాయి. అన్ని తొనలూ ఒకటే కాబట్టి, కింది నుంచి అయిదో ముక్క ఏ తొనలో అయినా ఒకేలా ఉంటుంది. పొట్టి పైకప్పుకి తక్కువ ముక్కలు, పొడుగు దానికి ఎక్కువ ముక్కలు, అంతే తేడా. ఒకే అచ్చుల సమితితో అక్కడికక్కడే ముక్కలు పోత పోశారు. మొత్తం 2,194 ముక్కలు. పైన పరచిన స్వీడన్ పలకలు పది లక్షలకు పైనే ఉన్నా, వంపు ఒకటే కావడం వల్ల వాటినీ నేల మీద పెద్ద బిళ్ళలుగా అమర్చి పైకి ఎత్తి బిగించగలిగారు.

సమస్యని గట్టిగా తోసి గెలవలేదు వాళ్ళు. సమస్యని చెప్పే తీరు మార్చారు. వేల ప్రత్యేక సందర్భాల్ని ఒక నియమం, కొన్ని పారామీటర్లు అన్న రూపంలోకి తెచ్చారు. మంచి డిజైను అంటే నాకు గుర్తొచ్చే ఉదాహరణల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

25 కిలోబైట్ల సాయం

మన శీర్షికకి దగ్గరి విషయం ఇక్కడుంది. కట్టడాల బలం లెక్కలకి కంప్యూటర్ వాడిన తొలి పెద్ద ప్రాజెక్టుల్లో ఇదొకటి. ఆరప్ వాళ్ళు వాడినది ఫెరాంటీ సంస్థ తయారు చేసిన పెగసస్. 1956లో మార్కెట్‌లోకి వచ్చిన వాక్యూమ్ ట్యూబుల యంత్రం అది. ప్రోగ్రామూ, డేటా కాగితపు టేపు మీద కన్నాలుగా ఇవ్వాలి. ప్రధాన మెమరీ తిరిగే అయస్కాంత డ్రమ్ము. తొలి మోడల్లో దాని మీద 39 బిట్ల పదాలు 5,120 పట్టేవి. గుణించి చూస్తే సుమారు 25 కిలోబైట్లు. ఈ రోజు మనం ఈమెయిల్లో అతికించే చిన్న బొమ్మ కూడా అందులో పట్టదు.

అయినా ఆ లెక్కలు మనుషులు చేత్తో చేసి ఉంటే ఏళ్ళు పట్టేవి. గాలి ఎటు నుంచి వస్తే ఏ పక్కటెముక మీద ఎంత ఒత్తిడి, ఏ కీలు దగ్గర ఎంత బరువు, ఇలాంటి సమీకరణాల గుంపులు పదే పదే విప్పాలి. ఆకారం మారినప్పుడల్లా మళ్ళీ మొదటికి. యంత్రం ఉండబట్టే అన్ని ఆకారాలు ప్రయత్నించి వదిలేయగలిగారు.

కట్టేటప్పుడూ కంప్యూటర్ ఉపయోగపడింది. పక్కటెముక ముక్కల్ని సర్దుబాటు చేయగల ఉక్కు కమాను మీద పేర్చి, ఎపాక్సీ జిగురుతో అతికించి, లోపల ఉక్కు తీగలు బిగించేవారు. వేల ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే మిల్లీమీటర్ల పొరపాట్లు పోగుపడి పైకి వెళ్ళేసరికి పెద్దవైపోతాయి. అందుకని రోజు చివర సర్వేయర్లు గుర్తు బిందువుల స్థానాలు కొలిచేవారు. ఆ కొలతలు కంప్యూటర్‌కి ఎక్కించి, మర్నాడు తరువాతి కమాను ఎక్కడ పెట్టాలో సరిచేసుకునేవారు. రోజూ రాత్రి బిల్డ్ నడిపి పొద్దున్నే ఫలితాలు చూసుకునే మన అలవాటుకి ఇది తాతగారు అనుకోవచ్చు. తప్పు చిన్నదిగా ఉండగానే పట్టుకోవడం అన్న సూత్రం రెండింటికీ ఒకటే.

మారిన క్లయింటు

1965 మేలో ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. రాబర్ట్ ఆస్కిన్ ప్రధాని అయ్యాడు, డేవిస్ హ్యూస్ పబ్లిక్ వర్క్స్ మంత్రి. ఖర్చు అదుపు చేస్తామని వాగ్దానం చేసి గెలిచినవాళ్ళు వాళ్ళు. పైకప్పు లేస్తోంది, లోపలి పని మిగిలింది. హ్యూస్ ప్రతిదానికీ వివరమైన డ్రాయింగులూ, ఖర్చుల పట్టికలూ అడిగాడు. అవి వచ్చేదాకా చెల్లింపులు ఆపాడు. ఉట్జోన్ పద్ధతి వేరు. లోపలి పైకప్పులకి వాడదలచిన ప్లైవుడ్ భాగాల నిలువెత్తు నమూనాలు చేసి, పరీక్షించి, అప్పుడు డ్రాయింగు ఖాయం చేయాలంటాడు. నమూనాకి డబ్బు ఇస్తే డ్రాయింగు వస్తుందని ఒకరు, డ్రాయింగు ఇస్తే డబ్బు వస్తుందని ఇంకొకరు. ఈ ముడి మనలో ఎందరికో కొత్తది కాదు.

1966 ఫిబ్రవరి 28న ఉట్జోన్ తప్పుకున్నాడు. మార్చి 3న సిడ్నీలో సుమారు వెయ్యి మంది ఆయన్ని వెనక్కి పిలవమని ఊరేగింపు తీశారు. ఫలితం లేకపోయింది. ఏప్రిల్లో కుటుంబంతో దేశం వదిలాడు. 2008 నవంబరులో చనిపోయేదాకా మళ్ళీ ఆస్ట్రేలియాలో అడుగు పెట్టలేదు. తాను గీసిన భవనం పూర్తయ్యాక ఎలా ఉందో కళ్ళారా చూడలేదు.

స్లైడులో లేని అంకె ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆయన తప్పుకునే నాటికి ఖర్చయింది సుమారు 23 మిలియన్ డాలర్లు. అరుగు, పైకప్పుల్లో చాలా భాగం అందులోనే. మిగిలిన దాదాపు 80 మిలియన్లు ఆయన వెళ్ళిన తరువాతవి.

పని పీటర్ హాల్ అనే ముప్పై నాలుగేళ్ళ వాస్తుశిల్పి, ఆయన సహచరుల చేతికి వచ్చింది. వేరొకరు రాసి మధ్యలో వదిలేసిన కోడ్‌ని, రాసినవాడు ఫోన్లో కూడా దొరకని స్థితిలో, ఊరంతా తిడుతుండగా పూర్తి చేయాలి. హాల్ పూర్తి చేశాడు. ఆయన పేరు మాత్రం చాలాకాలం ఎవరూ తలవలేదు.

పదేళ్ళ తరువాత జవాబు

హాల్ చేతికి వచ్చాక ఆ పాత ప్రశ్న మళ్ళీ లేచింది. పెద్ద హాలు ఎవరిది? సింఫనీ నడిపే ఆస్ట్రేలియన్ బ్రాడ్‌కాస్టింగ్ కమిషన్ తమకి 2,800 సీట్లు, రెండు సెకన్ల నాదం కావాలని పట్టుబట్టింది. ఒపేరా రంగస్థలంతో అది కుదరదు. 1967లో ప్రభుత్వం తేల్చింది. పెద్ద హాలు కచేరీలకే. ఒపేరా, బాలే చిన్న హాల్లోకి. అంతకు ముందే ఆస్ట్రియా నుంచి తెప్పించి పెద్ద హాల్లో బిగించిన రంగస్థల యంత్రాలన్నీ పీకి తుక్కు కింద పారేశారు.

ఆ నిర్ణయం తప్పని నేననను. బహుశా అదే సరైనది. కానీ అది పోటీ పత్రం రాసిన రోజున తీసుకోవలసిన నిర్ణయం. ఆ రోజు రాసుకుని ఉంటే కాగితం ఖర్చు. పదేళ్ళకి పైగా గడిచాక, గోడలూ పైకప్పూ లేచిన తరువాత తీసుకోబట్టి మార్చుకునే చోటు లేదు. ఇప్పటికీ ఒపేరా హౌస్ అనే పేరున్న భవనంలో ఒపేరా జరిగేది చిన్న హాల్లో. సుమారు పదిహేను వందల సీట్లు. ఆర్కెస్ట్రా కూర్చునే గొయ్యి ఇరుకు, వేదిక కిందికి చొచ్చుకుని ఉంటుంది. పెద్ద బృందం కావలసిన ఒపేరాలకి వాయిద్యాలు తగ్గించుకోవలసి వచ్చింది. ఆ ఇరుకులో శబ్దం తాకిడికి వాయించేవాళ్ళ చెవులకే ముప్పని ఏళ్ళుగా ఫిర్యాదులు. స్పెక్‌లో తేలని ఒక మాట, యాభై ఏళ్ళుగా కొందరు మనుషుల చెవుల్లో మోగుతోంది.

పెద్ద హాలుకీ ఇబ్బంది తప్పలేదు. వేదిక మీద పైకప్పు మరీ ఎత్తు కావడంతో వాయిద్యకారులకి ఒకరి వాయిద్యం ఒకరికి సరిగా వినబడేది కాదు. 2020లో మూసి, 150 మిలియన్ డాలర్లతో బాగుచేసి 2022లో తెరిచారు. మొదట మొత్తం భవనానికి అయినదాని కన్నా ఎక్కువ అంకె ఇది, రూపాయి విలువ లాగే డాలరు విలువా మారిందనుకోండి.

అయితే ఇది ఓడిన ప్రాజెక్టేనా?

1973 అక్టోబరు 20న ఎలిజబెత్ రాణి భవనాన్ని ప్రారంభించింది. ఆ సభలో ఉట్జోన్ పేరు రాలేదు. అప్పు లాటరీ డబ్బుతోనే 1975 కల్లా తీరిపోయింది. 2003లో వాస్తుశిల్పానికి అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఉట్జోన్‌కి వచ్చింది. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో భవనం చేరింది. సమయం, ఖర్చు అన్న రెండు గీతల మధ్య చూస్తే ఇంత ఘోరమైన ప్రాజెక్టు లేదు. ఫలితం చూస్తే ఇంత గొప్పది మళ్ళీ రాలేదు.

"అంత గొప్పగా వచ్చింది కదా, ఆలస్యాలు ఎవరికి గుర్తు?" అనడం నాకు నచ్చదు. ఒక వాస్తుశిల్పి జీవితంలో ఉత్తమ కాలం అందులో పోయింది. గెలిచిన ప్రాజెక్టుకి కూడా మూల్యం చెల్లించినవాళ్ళు ఉంటారు. వాళ్ళ పేర్లు స్లైడులో ఉండవు.

చివరికి ఒక మంచి పని జరిగింది. 1999లో భవన యాజమాన్యం ఉట్జోన్‌తో మళ్ళీ మాట కలిపింది. ముందు ముందు ఎవరు మార్పులు చేసినా దారి తప్పకుండా, భవనం వెనుక ఉన్న ఆలోచనని ఒక పత్రంగా రాసి ఇవ్వమంది. కొడుకు యాన్ సాయంతో ఆయన రాసిన ఆ డిజైను సూత్రాలు 2002లో వచ్చాయి. ఏ గోడ ఎక్కడుందో చెప్పే పత్రం కాదది, ఎందుకుందో చెప్పే పత్రం. పీటర్ హాల్‌కి 1966లో కావలసింది అదే. ముప్పై ఆరేళ్ళు ఆలస్యమైంది.

మనం ఈ కథలోంచి తీసుకోదగ్గవి మూడున్నాయనుకుంటాను. లెక్కలేనన్ని ప్రత్యేక సందర్భాలు ఎదురైతే ఇంకా గట్టిగా కష్టపడే ముందు సమస్యని వేరేగా చెప్పగలమేమో చూడాలి. చేసిన డిజైనుకి "ఎందుకు" అన్నది మనం అక్కడ ఉండగానే రాసి పెట్టాలి, ఎందుకంటే మనలో ఎవరం ఏ ప్రాజెక్టులో ఎన్నాళ్ళుంటామో తెలియదు. మూడోది అన్నిటికన్నా చిన్నది, చేయడానికి అన్నిటికన్నా కష్టం. సోమవారం ఆఫీసుకి వెళ్ళాక మీ రిక్వైర్‌మెంట్స్ పత్రం తెరిచి, "ఒకే హాలు, రెండింటికీ" అన్న వాక్యం ఎక్కడుందో వెతకండి. ఉండే ఉంటుంది. కాంక్రీటు పడక ముందే ఎవరో ఒకరి చేత తేల్పించండి.